రంగులాయన ఇంటి తివాచీ

నన్ను ఏమన్నా పడతాను. లావయ్యావంటే నవ్వుతాను, నోరు పెద్దదంటే ఇంకా పెద్దగా నవ్వుతాను. కానీ తివాచీ మార్చేశావంటే మాత్రం ఊరుకోను. ఆ మాట ఇన్నేళ్లలో మా కొట్టు గడప తొక్కలేదు. అందుకే ఆ రోజు మా ఆడపడుచు ఫోన్ పెట్టేసి నసుగుతూ సంగతి చెప్పగానే, చేతిలో ఉన్న బ్రష్షు బకెట్లో పడేసి లేచాను.

"మళ్లీ చెప్పు" అన్నాను.

"రంగులాయన ఇంటి నుంచి వదినా. వాళ్లావిడే ఫోన్ చేసింది. నిన్న మనవాళ్లు పరిచి వచ్చిన తివాచీ వాళ్లది కాదని ఆయన అంటున్నాడట. పాపం, చెప్పడానికి ఆవిడకే మొహమాటంగా ఉంది."

"దొంగలన్న తర్వాత ఇంక మొహమాటం దేనికి?"

"దొంగలని అనలేదు. పొరపాటున మారిపోయిందేమో చూడమంది."

"రెండూ ఒకటే!"

మా ఆడపడుచు మామూలుగా మాటకి మాట అప్పజెప్పే మనిషే. నాకు కోపం వచ్చినప్పుడు మాత్రం ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి దానికి. టేబుల్ మీద దుమ్ము లేకపోయినా తుడవడం మొదలుపెట్టింది.

ఈ కొట్టు మా అత్తగారు పెట్టింది. ఆవిడ పోయి చాలాకాలమైనా పద్ధతులు మాత్రం ఆవిడవే. తివాచీ రాగానే బోర్లా పరిచి, ఇంక రాలడానికేమీ లేదనేదాకా వెనకనుంచి దులపాలి. దుమ్ము పోకముందు నీళ్లు తగిలితే అది బురదై లోపలే కూర్చుంటుంది. తెల్లగుడ్డ తడిపి ఒక మూల అద్ది చూడాలి. గుడ్డకి రంగు అంటిందంటే ఆ తివాచీని బాలింతలా చూసుకోవాలి. ఊలు ఎటు వాలి ఉంటే బ్రష్షు అటే నడవాలి. ఎండలో కాదు, నీడలో గాలికి ఆరాలి. ఇంటికి తీసుకెళ్లి పరిచేటప్పుడు ఈ కొస ఆ పక్కకి, ఆ కొస ఈ పక్కకి తిప్పి పరవాలి, ఎప్పుడూ ఒకేచోట అడుగులు పడి అరిగిపోకుండా. చివర కుచ్చులు చేత్తో దువ్వందే గడప దాటకూడదు. ఇవేవీ మేమిప్పుడు ఆలోచించి చెయ్యం. చేతులే చేసుకుపోతాయి. ఎవరైనా కుచ్చులు దువ్వకుండా వచ్చేస్తే ఆ రోజంతా మా అత్తగారు గోడమీది ఫోటోలోంచి నన్నే చూస్తున్నట్టు ఉంటుంది.

ఇక మారిపోవడమన్న మాటే లేదు. వచ్చిన ప్రతి తివాచీ వెనక ఒక చిన్న గుడ్డముక్క కుడతాం. ఒక్కో ఇంటికి ఒక్కో రకం గుడ్డ. రంగులాయన తివాచీకి కుట్టింది మా ఆయన పాత గళ్లచొక్కా ముక్క. ఆ చొక్కాని అలా ముక్కలు చేసినందుకు ఆయన నాతో ఒక పూట మాట్లాడలేదు కాబట్టి నాకు బాగా గుర్తు.

"వ్యాన్ తియ్యండి" అన్నాను మా ఆయనతో.

ఆయన అప్పుడే టీ గ్లాసు అందుకున్నాడు. "తాగేసి వెళ్దాం."

"మన పరువు పోతోందండీ అక్కడ."

"మనం వెళ్లేదాకా ఆగుతుందిలే. ఇంతవరకూ పోలేదుగా."

నేను ఇంతగా మండిపడుతుంటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోవడం ఆయనకే చెల్లింది. చివరికి లేచాడు. వ్యాన్ పైన కట్టిన నిచ్చెన దించబోయి, దాని కొసని యథాప్రకారం తలుపుకి ఒకటి తగిలించాడు. ఆ నిచ్చెన మా కొట్లో తగలని చోటంటూ లేదు.

దారిలో నా కోపం కొంచెం చల్లారి, రంగులాయన మీదికి మనసు మళ్లింది. ఆయన కొట్టు మాకు రెండు వీధుల అవతల. రంగులు అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ కలిపేవాడు ఆయనే. జనం ఆయన దగ్గరికి చొక్కా గుండీ తెస్తారు, పగిలిన కప్పు ముక్క తెస్తారు, గోడ పెచ్చు జేబులో వేసుకొస్తారు. ఆయన దాన్ని వెలుగులోకి పట్టి చూసి, ఈ డబ్బాలోంచి కొంత, ఆ డబ్బాలోంచి ఇంకొంత పోసి కర్రతో తిప్పి, మూత మీద ఒక చుక్క పెట్టి చూపిస్తాడు. ఆ చుక్క పక్కన గుండీ పెడితే గుండీ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇప్పుడు అందరూ ఆ పనికి మిషన్లు కొంటున్నారు. ఆయన కొనలేదు. కొనమని ఎవరైనా అంటే, నాకు ఇంట్లో ఒకటి పెళ్లినాడే ఇచ్చారు, అది నా కన్ను తప్ప అన్నిట్లోనూ తప్పులు పడుతుందని భార్యని చూపించేవాడు.

అలాంటి మనిషి, పై అరలో డబ్బా అందుకోబోయి తన కొట్లోనే నిచ్చెన మీంచి పడ్డాడు. తల పగిలింది. చాలా రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. మనిషి దక్కాడు, అదే పదివేలు అనుకున్నాం అందరం. కానీ తలకి తగిలిన దెబ్బ కదా, చూపులో తేడా వచ్చినా రావచ్చు, కనిపెట్టుకుని ఉండండని డాక్టరు చెప్పి పంపాడట. ఆయన ఇంటికొచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉండాలని ఆవిడ పరదాలన్నీ ఉతికించింది, కొన్నాక మొదటిసారిగా ఆ తివాచీ ఉతకడానికి మాకిచ్చింది. నిన్న పొద్దున మావాళ్లు పరిచి వచ్చారు, సాయంత్రం ఆయన ఇంటికొచ్చాడు.

తలుపు తీసింది ఆవిడే. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"రండి వదినగారూ. మీరేమీ అనుకోవద్దు" అంది మెల్లగా. "నాకైతే అది మాదే. మారితే నాకు తెలీదా? పైగా ఎంత బాగా ఉతికారో! నిన్న గడపలోంచి చూడగానే, రంగు ఎంత చిక్కబడిందీ అనుకున్నాను. ఈయనే..."

"అన్నయ్యగారితో నేను మాట్లాడతాలే వదినా" అన్నాను.

పొడుగాటి గది. ఒక కొసన వీధి తలుపు, ఎదురు కొసన కిటికీ. కిటికీ పక్కన ఆయన కుర్చీ. నేలంతా పరుచుకుని ఆ ఎర్ర తివాచీ, మధ్యలో పెద్ద పువ్వు, చుట్టూ తీగలు, ఎటునుంచి చూసినా ఒకటే. కుర్చీకి ఎదురుగా, వీధి తలుపు ఉన్న గోడ కూడా అలాంటి ఎరుపే. తివాచీ కొన్న ఏడాది, దాన్ని చూసి చూసి, దానికి సరిపోయేలా ఆ గోడ రంగు ఆయనే కలిపాడని ఊరంతా చెప్పుకుంటారు. తివాచీ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియకూడదని ఆయన పంతమట.

ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గుండు మీద జుట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తోంది. పక్కన స్టూలు మీద ఆయన బామ్మరిది. కొట్టు ఇన్నాళ్లూ చూసుకున్నది అతనే. పెద్ద శరీరం, మెత్తని గొంతు.

"కూర్చో చెల్లెమ్మా" అన్నాడు రంగులాయన.

"కూర్చోడానికి రాలేదన్నయ్యగారూ. ఏం మారిందో చెప్పండి. పొడుగా, వెడల్పా, పువ్వా?"

"అన్నీ అవే. ఎరుపు అది కాదు."

"ఉతికాం కదా. మురికి వదిలితే తేటపడదా?"

"మురికి వదిలితే ఎరుపు నిగ్గు తేలుతుంది. ఇది వెలిసింది. పైన పాలు కలిపినట్టుంది." గోడ వైపు వేలు చూపించాడు. "అదీ ఇదీ ఒక్కలా ఉండేవి. నిన్న వచ్చి ఇక్కడ కూర్చున్నప్పటి నుంచీ చూస్తున్నాను. రెండూ ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి."

"మా దగ్గర రంగు వెలవదు. ఏదీ మారదు. తీసుకెళ్లిందే ఉతికాం, ఉతికిందే తెచ్చాం, ఎలా ఉందో అలా పరిచాం" అన్నాను. అనడం కాదు, అరిచాననే చెప్పాలి. కిటికీ అవతల ఎవరో ఆగి చూశారు.

వంగి తివాచీ అంచు తిరగేశాను. గళ్లచొక్కా ముక్క. కుట్టు కూడా నాదే. "ఇదిగో. మీ తివాచీ మా కొట్టుకి రాగానే కుట్టింది."

ఆయన దాన్ని చూసి, "గుడ్డ మీది. దారం మీది. దేనికైనా కుట్టుకోవచ్చు కదమ్మా" అన్నాడు. వెటకారం కాదు, మామూలుగానే అన్నాడు.

నా ఒళ్లు మండింది. మా ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కల్ని చాలా శ్రద్ధగా చూడసాగాడు. ఆయన అలా చూస్తే, నువ్వు నోరు జారకముందే ఆగు అని నాకు చెప్పడం.

"ఉండండి" అంది రంగులాయన భార్య. "ఒకసారి ఇస్త్రీపెట్టె పడి మూల కాలింది గుర్తుందా? ఎర్ర ఊలు దొరక్క ఆ చిల్లుని నల్లదానితో అల్లి నేనే రఫ్ చేశాను."

"నల్లది కాదు" అన్నాడాయన. "ముదురు గోధుమ."

"ఏదో ఒకటి! అది ఉంటే మనదే కదా?"

"ఉంటే మనదే."

ఆవిడ గబగబా కుర్చీ వెనక్కి వెళ్లింది. కిటికీ మూల తివాచీ ఎత్తి చూసింది. లేదు. రెండో మూల చూసింది. అక్కడా లేదు. "ఇక్కడే కదా ఉండాలి" అని గొణుక్కుంది. నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క క్షణం నా గుండె కూడా జారింది. బామ్మరిది లేచాడు, మా ఆయన వంగాడు. చివరికి వీధి తలుపు పక్కన, చెప్పుల స్టాండు జరిపితే, దాని కింద కనిపించింది. వేలి గోరంత రఫ్. నాకు నల్లగానే కనిపించింది.

"ఇదిగో, ఇక్కడుంది!" ఆవిడ గొంతులో ప్రాణం లేచొచ్చింది. నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. ఇంకేం కావాలన్నట్టు.

రంగులాయన గోడ పట్టుకుని నడిచి వచ్చాడు. కష్టం మీద వంగి ఆ రఫ్‌ని వేలితో తడిమాడు. తర్వాత తిరిగి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

"మనదే" అన్నాడు. "క్షమించు చెల్లెమ్మా. నీ పనిని అనుమానించాను."

"అయ్యో, దానికేముందిలెండి" అన్నాను, గెలిచినవాళ్లకి ఉండే పెద్దమనసుతో.

"మారింది తివాచీ కాదు. నా కన్ను."

ఆయన బామ్మరిది వైపు తిరిగాడు. "తాళాలు నీ దగ్గరే ఉంచుకో. రేపట్నుంచి కొట్టు నువ్వే చూసుకో. మిషను కొనుక్కో. నేను రాను."

"అదేంటి బావా! నాకు తెలుపుకీ క్రీముకీ తేడా తెలీదు. నువ్వు వస్తావనే కదా ఇన్నాళ్లూ అందరికీ ఇదిగో అదిగో అని చెప్పుకొస్తున్నా."

"వచ్చి ఏం చెయ్యాలి? నేనే కలిపిన గోడ, నేను రోజూ చూసిన తివాచీ. ఈ రెండిట్లో తేడా వచ్చిందంటే, తివాచీ మారుండాలి, కాకపోతే నేను మారుండాలి. తివాచీ మారాలని రాత్రంతా కోరుకున్నాను. ఊరందరి గోడలూ పాడుచేసి తెలుసుకోవడం కంటే, నా ఇంట్లో తెలిసిపోవడం నయం కదా."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

నాకు అప్పుడు తెలిసింది, నేను గెలిచింది దేన్నో. ఆయన మమ్మల్ని దొంగలనలేదు. తివాచీ మారిందని నేను ఒప్పుకుంటే చాలునని, ఆశగా ఎదురు చూశాడు. నేను అరిచి, గుడ్డముక్క చూపించి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆ ఆశ కాస్తా తుంచేశాను. ఏడుపు రాదు నాకు తొందరగా, కానీ ఆ రోజు వచ్చేలా ఉంది. "వెళ్లొస్తాం" అని ఎవరికీ వినపడకుండా అని, గుమ్మం దాకా వచ్చి చెప్పుల్లో కాలు పెట్టాను.

చెప్పుల్లో కాలు పెట్టి ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. పని చేసిన చోట చివరిసారి వెనక్కి చూడటం నాకు అలవాటు, కుచ్చులు సరిగ్గా ఉన్నాయో లేదోనని.

గుమ్మంలోంచి చూస్తే తివాచీ ముదురు ఎరుపు. పాలు కలిపినట్టు కానే కాదు. పక్కనున్న గోడనీ దాన్నీ మార్చి మార్చి చూశాను. రెండూ ఒక్కటే.

ఆవిడ మాట గుర్తొచ్చింది. గడపలోంచి చూస్తే రంగు చిక్కబడిందనుకున్నాను అంది. ఆయన కుర్చీలోంచి చూసి వెలిసిందన్నాడు. ఇద్దరూ ఒక్క తివాచీనే చూశారు. ఆవిడ రఫ్‌ని ముందు వెతికింది కిటికీ దగ్గర. దొరికింది తలుపు దగ్గర.

మా ఆయన మోచెయ్యి పట్టుకుని లాగాను. "మావాళ్లు దీన్ని తిప్పి పరిచారు కదూ?" అన్నాను గుసగుసగా.

"ఎప్పుడూ తిప్పే పరుస్తాం కదా. మా అమ్మ పద్ధతి."

"అదే!"

"ఏది?"

"అదేనండీ బాబూ!"

ఎలా ఉందో అలా పరిచామని ఊరందరికీ వినపడేలా అరిచి వచ్చిన నోరు ఇది. ఇప్పుడు అదే నోటితో, కాదు, మేమే తిప్పామని చెప్పాలి. ఇంకెవరైనా అయితే నీళ్లు నమిలేవాళ్లేమో. నాకు మాత్రం ఆ క్షణంలో ఎంత సంతోషం వేసిందంటే, ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఉత్తదిగా లోపలికి పరుగెత్తుకొచ్చాను.

"అన్నయ్యగారూ, మీ కన్ను మారలేదు. తివాచీ మారింది. నేనే మార్చాను!"

అందరూ నన్ను చూశారు. ఆవిడ కూడా లోపల్నుంచి వచ్చింది.

"మార్చడమంటే, తిప్పాను. మేం ఎవరింట్లో పరిచినా కొసలు మార్చి పరుస్తాం, ఒకేచోట అరగకుండా. చెప్పను కూడా చెప్పం, అంత అలవాటు. తివాచీ ఊలు నిలువుగా ఉండదండీ, ఒక పక్కకి వాలి ఉంటుంది. పిల్లి వీపు నిమిరితే ఒక వైపుకి నున్నగా, ఇంకో వైపుకి గరుగ్గా ఉండదూ? అలాగే. వాలు మీ వైపు ఉంటే మీకు పోగుల కొసలు కనిపిస్తాయి, ముదురు రంగు. అవతలికి వాలితే పోగుల వీపులు కనిపిస్తాయి, వెలుతురు పడి తేలిపోతాయి. ఇన్నేళ్లూ అది మీ కుర్చీ వైపు వాలి ఉంది. ఇప్పుడు గుమ్మం వైపు వాలింది. ఇలా వచ్చి చూడండి."

ఆయన కదల్లేదు. నా మొహంలోకి చూసి చిన్నగా నవ్వాడు. "మంచిదానివి చెల్లెమ్మా. నన్ను ఓదార్చడానికి అప్పటికప్పుడు ఎంత కథ అల్లావు!"

"కథా?"

"ఇందాక ఎలా ఉందో అలా పరిచామన్నావు. ఇప్పుడు తిప్పామంటున్నావు. నామీద జాలి పడొద్దు. ఆస్పత్రిలో అందరూ అదే పని చేశారు."

జాలి! నాకు మళ్లీ ఒళ్లు మండింది, కానీ ఈసారి కోపం పనికొచ్చే కోపం.

"జాలిపడే మొహంలా ఉందా నాది? మా ఆయన్ని అడగండి, పెళ్లయినప్పటి నుంచీ ఎప్పుడైనా పడ్డానేమో."

మా ఆయన అడక్కుండానే తల అడ్డంగా ఊపాడు.

"సరే. మీరు లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకోండి. మేం పిలిచినప్పుడు వచ్చి, ఇదే కుర్చీలో కూర్చుని చూసి చెప్పండి. ఏం చేశామో మేం చెప్పం. మీ కన్నే చెప్పాలి."

ఆయనకి ఇష్టం లేదు. భయపడ్డాడని నాకు తెలుసు; ఒకసారి పోయిందనుకుని గుండె రాయి చేసుకున్నదాన్ని మళ్లీ పందెంలో పెట్టమంటే ఎవరికైనా భయమే. కానీ ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకుంది. "పదండి" అంది అంతే. ఇద్దరూ లోపలికి వెళ్లారు.

తలుపు మూసుకోగానే నేను మగాళ్లిద్దరినీ పనిలో పెట్టాను. సోఫా ఎత్తించాను, చెప్పుల స్టాండు జరిపించాను, తివాచీ చుట్టించాను. బామ్మరిది ఆయాసపడుతూ, "ఇప్పుడు తిప్పాలా అక్కా?" అన్నాడు.

"వద్దు. విప్పి, ఉన్నది ఉన్నట్టే పరవండి."

"ఎత్తిందెందుకు మరి?"

"చప్పుడు కోసం."

మా ఆయన నన్ను చూసి ఒక కన్ను మూశాడు. అర్థమైంది ఆయనకి. సోఫా దించేటప్పుడు కావాలనే ధడేల్‌మని దించాడు. దాని కాలు బామ్మరిది బొటనవేలికి తగిలి, ఆ చప్పుడు కూడా కలిసింది.

పిలిచాం. రంగులాయన వచ్చి కూర్చున్నాడు. కిటికీలోంచి వెలుతురు ఆయన భుజం మీంచి పడుతోంది. తివాచీని చూశాడు, గోడని చూశాడు. ఆయన మొహం ఇంకా పాలిపోయింది.

"ఏమీ తేడా లేదమ్మా" అన్నాడు. "అలాగే ఉంది. చెప్పాను కదా."

"సరిగ్గా చూడండి. సోఫా ఎత్తాం, తివాచీ చుట్టాం, వినే ఉంటారు."

"విన్నాను. అయినా అలాగే ఉంది. ఏమాత్రం మారలేదు."

"అవును. తిప్పలేదు కాబట్టి."

ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపులో మొదటిసారి ఏదో కదిలింది. తనే లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

"ఇప్పుడు తిప్పండి" అన్నాను.

తిప్పారు. రఫ్ ఉన్న మూల కిటికీ దగ్గరికొచ్చింది. నేను మోకాళ్ల మీద కూర్చుని కుచ్చులు దువ్వాను. ఒకవేళ ఆయన కన్ను నిజంగానే పోయి ఉంటే, ఈసారి కూడా తేడా లేదంటే, ఆయన రెండోసారి కూలిపోవడానికి కారణం నేనే. కానీ వాలు సంగతి నాకు తెలుసు. నా చేతులు చేసిన పని నాకు తెలుసు. లేచి, "రండి" అని గట్టిగా పిలిచాను.

ఆయన వచ్చాడు. కుర్చీ దాకా రానే లేదు. లోపలి గుమ్మంలోనే తల తిప్పి చూసి ఆగిపోయాడు. తర్వాత మెల్లగా నడిచి వచ్చి కూర్చున్నాడు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. తివాచీ మీంచి చూపు జరుపుకుంటూ గోడ దాకా వెళ్లాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. ఎక్కడా ఆగలేదు.

"ఇది" అన్నాడు. "ఇదే నాది."

ఆవిడ గోడకి ఆనుకుని గట్టిగా ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచడం దేనికి.

బామ్మరిది తివాచీ చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి చూశాడు, నిలబడి చూశాడు. "నాకు అప్పుడూ ఎరుపే, ఇప్పుడూ ఎరుపే" అని, జేబులోంచి తాళాలు తీసి బావ మోకాలి మీద పెట్టాడు. "బాబూ, నీ కొట్టు నువ్వు తీసుకో. నా వల్ల కాదు."

"ఒక్క మాట చెప్పనా అన్నయ్యగారూ?" అన్నాను కళ్లు తుడుచుకుంటూ. "మా అత్తగారి కాలం నుంచీ ప్రతి ఇంట్లోనూ తిప్పే పరుస్తున్నాం. డాక్టర్ల ఇళ్లలో పరిచాం, బొమ్మలు వేసేవాళ్ల ఇంట్లో పరిచాం. ఇంతవరకూ ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కనిపెట్టలేదు."

ఆయన తాళాలు పిడికిట్లో పట్టుకుని నవ్వాడు. "మరి నాకు చెప్పకుండా తిప్పుతావా?"

"ఇక మీదట చెప్పి తిప్పుతాను. మీకు మాత్రం అసలు తిప్పను."

ఆ సాయంత్రం కొట్టుకి రాగానే ఫోటో ముందు నిలబడి, "అత్తయ్యా, ఒకాయన పట్టేసుకున్నాడు" అని చెప్పాను. మా ఆడపడుచు నవ్వింది. నాకైతే ఫోటోలో అత్తగారి మొహం కూడా కాస్త వెలిగినట్టే అనిపించింది.

తర్వాత కొన్నాళ్లకి రంగులాయన తనే నడిచి మా కొట్టుకి వచ్చాడు. టోపీ పెట్టుకున్నాడు. లోపలికి రాకుండా రోడ్డు మీదే నిలబడి తల పైకెత్తి మా బోర్డు చూస్తున్నాడు. తెల్ల బోర్డు మీద నీలం అక్షరాలు. నాకు ఈ కొట్లో మా అత్తగారి ఫోటో తర్వాత ఇష్టమైంది అదే.

"చెల్లెమ్మా, ఆ చివరి అక్షరం ఎవరు దిద్దారు?" అన్నాడు.

"ఎవరూ దిద్దలేదే. మొదట్నుంచీ అంతే."

"లేదు. మిగతావాటి నీలం వేరు, దాని నీలం వేరు. ఇందులో ఒక చిటికెడు ఆకుపచ్చ పడింది."

నేను రోడ్డు దాటి, ఆయన పక్కన నిలబడి, కళ్లు చికిలించి చూశాను. అన్నీ ఒకటే నీలం. లోపలికి తిరిగి మా ఆయన కోసం చూశాను. ఆయన అప్పటికే ఒక తివాచీ వెనక్కి వెళ్లి ఎంతో ముఖ్యమైన పని ఏదో వెతుక్కుంటున్నాడు. మా ఆడపడుచు మోగని ఫోన్ ఎత్తి చెవికి పెట్టుకుంది.

"నిచ్చెన తగిలింది" అన్నాడు మా ఆయన తివాచీ వెనకనుంచి. "పోయిన వానాకాలం. పెచ్చు లేచింది. నువ్వు చూసేలోగా ఇంట్లో ఉన్న నీలం పూసేశాను."

నేను ఏమన్నానో ఇక్కడ రాయను. వీధిలోవాళ్లకి ఎలాగూ వినపడింది. రంగులాయన మాత్రం కడుపు పట్టుకుని నవ్వాడు, టోపీ జారి పడేంతగా. మర్నాడు ఒక చిన్న డబ్బా పట్టుకొచ్చాడు. మా నిచ్చెన ఎక్కొద్దని వాళ్లావిడ ముందే చెప్పి పంపిందట. అందుకని తను కింద నిలబడి చెబుతుంటే, బామ్మరిది పైకెక్కి ఆ అక్షరం దిద్దాడు.

ఇప్పుడు రోజూ పొద్దున కొట్టు తెరిచేముందు రోడ్డుకి అవతల నిలబడి బోర్డు చూస్తాను. దిద్దింది చివరి అక్షరమని నాకు తెలుసు కాబట్టి తెలుసు. చూస్తే మాత్రం తెలియదు.